రెండూళ్లలోనూ ఒకే మాట చెప్తాడా?

ఆదోని

చిరంజీవి చిన్నోడికి పెద్దనాయన ఆశీర్వదించి రాయునది. మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పి షరా మామూలే.

ఎంపీ టికెట్టు నాదేనని తిరుగుతున్న ఆ పెద్దమనిషి వెంట నీ బండి కూడా తిరుగుతోందని పత్తి మార్కెట్ యార్డులో విన్నాను. తిరగొద్దనను. ఎమ్మిగనూరులో మీ మామ వాకిట్లో నిలబడి నువ్వు ఏమేం అన్నావో అదీ విన్నాను. ఒక్కటే అడుగుతా. పత్తి దిగుమతి సుంకం గురించి మీ నాయకుడు ఏమంటాడు?

నవ్వొద్దు. 2025 ఆగస్టులో ఢిల్లీవాళ్లు ఒక్క ఉత్తర్వుతో 11 శాతం సుంకం ఎత్తేసినారు. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, ఆనక డిసెంబరు ఆఖరుకు పొడిగించినారు. మన యార్డుకు పత్తి దిగే నెలలే అవి. రైతు గుండె జారింది, స్పిన్నింగ్ మిల్లులకు ప్రాణం లేచొచ్చింది. పత్తి ధర పెరిగితే ఆదోనికి పండగ. నూలు ధర తగ్గితే ఎమ్మిగనూరు మగ్గానికి పండగ. రెండూళ్ల మధ్య ముప్పై కిలోమీటర్లే, రెండూ కర్నూలు పార్లమెంటు సీటులోనివే. ఇక్కడ రైతు బిడ్డనని, అక్కడ నేతన్న బిడ్డనని చెప్పుకునే మనిషి ఢిల్లీకి పోయినాక ఎవరి బిడ్డ?

ఒకప్పుడు నేనూ నీలాగే తిరిగినవాణ్ణే. 1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక వచ్చింది. పి.వి. నరసింహారావు అప్పటికే ప్రధాని, పార్లమెంటు సభ్యత్వం కోసం అప్పటి మన కర్నూలు జిల్లాలో నిలబడినాడు. తెలుగువాడు ప్రధాని అయినాడని ఎన్.టి. రామారావు తెలుగుదేశం తరఫున ఎవరినీ నిలపలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ పోటీ చేసినాడు. మండీలో గుమాస్తాగా ఉన్న నేను సావాసగాళ్లతో లారీ ఎక్కి పోయి జెండా మోసినాను. మెజారిటీ 5 లక్షల 80 వేలు! ఊరంతా టపాకాయలే.

పి.వి. తన విధానం దాచుకున్నాడని ఎవరూ అనలేరు. జూలైలోనే రూపాయి విలువ రెండుసార్లు తగ్గించినారు. 24వ తేదీన మన్మోహన్ సింగ్ బడ్జెట్టు పెట్టినాడు, పరిశ్రమల లైసెన్సులు చాలావరకు ఎత్తేసినారు. పోలింగుకు ఇంకా నాలుగు నెలలుంది. మన ఇళ్లలో ఆ సంగతి ఎత్తింది మీ తాత ఒక్కడే, అంటే మా మామ. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన నేత సొసైటీకి బట్ట నేసిన మనిషి. “తెలుగువాడే, సంతోషం. నూలు బయటి దేశాలకు పోతే చిలప నూలు మాకు ఏ ధరకిప్పిస్తాడంట?” అన్నాడు.

జవాబు తెలియని కుర్రోళ్లకు కోపం తొందరగా వస్తుంది. మాటకు మాట పెరిగి రాకపోకలు ఆగిపోయినాయి. ఆయన పోయినప్పుడు మీ పెద్దమ్మ ఒక్కతే బస్సెక్కి పోయింది. నన్ను రమ్మనలేదు. ఆయన కొడుకుతోనే మొన్న నువ్వు వాకిట్లో అట్లా మాట్లాడింది.

ఇప్పటి అభ్యర్థులకు డీజే ఉంది, డ్రోను ఉంది, రీలు ఉంది. పార్లమెంటుకు పోతానంటూ వీధిలైటు వేయిస్తానంటారు. అది మున్సిపాలిటీ పని. జనం దానికే చప్పట్లు కొడతారు.

ఇక సూటిగా చెప్తా. కాగితం తీసుకో. సుంకం ఉండాలా, పోవాలా? పత్తి యార్డుకు రాకముందే సీసీఐ కొనుగోలు కేంద్రం తెరిపిస్తాడా, రైతు తెగనమ్ముకున్నాకనా? నూలు మీద 5 శాతం జీఎస్టీ మాటేమిటి? తుంగభద్ర దిగువ కాలువకు మన వాటా నీళ్లు చివరిదాకా ఎట్లా తెస్తాడు? కోసిగి జనం సుగ్గి పనులకు వలసపోకుండా ఊర్లోనే పని ఎట్లా చూపిస్తాడు? 1985 నుంచి ఫిరాయింపుల చట్టముంది, పార్టీ విప్పు దాటి ఓటేస్తే సీటే పోతుంది. కాబట్టి ఆయన పార్టీ మేనిఫెస్టోలో వీటి గురించి ఏముందో కూడా చదువు.

ఇవే ప్రశ్నలు ఆదోనిలో అడుగు, ఎమ్మిగనూరులో అడుగు. జవాబు ఒకటే అయితే, అది మన మండీకి నష్టమైనా సరే, ఆయనకు పనిచెయ్యి. రెండు జవాబులొస్తే బండి మీది స్టిక్కరు పీకెయ్. పెట్రోలుకైనా సరే ఆయన దగ్గర రూపాయి ముట్టొద్దు.

వీటన్నిటికంటే ముందు, ఈ ఆదివారం మామ ఇంటికి పో. కూర్చుని ఆయన చెప్పేది విను. నువ్వు వచ్చినావని నాకు ఫోను చేయాల్సింది ఆయన, నువ్వు కాదు.

ఇట్లు,
మీ పెద్దనాయన