పూడిన బావులను తిరిగి త్రవ్వుదము
వాక్యభాగము: ఆదికాండము 26:15-22



అబ్రాహాము కాలపు బావులను ఫిలిష్తీయులు అసూయతో పూడ్చిరి. ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే పెట్టెను. మన ఊళ్ల బావులను శత్రువులెవరు పూడ్చలేదు. మన నిర్లక్ష్యమే పూడ్చెను.

నార్పోలిలో సాంచెల మధ్య బ్రతుకుచున్న మనలో అనేకులము కరువు ఊళ్లనుండి వచ్చినవారమే. మోటబావి ఎండగా ఊరు విడిచితిమి. అది ఎందుకు ఎండెను? వానలు తగ్గుట ఒక్కటే కారణము కాదు. చెరువు ఒండ్రుతో నిండగా నీరు నిలుచుట, భూమిలోనికి ఇంకుట తగ్గెను. ఉన్న ఊటను లోతైన బోర్లు లాగివేసెను. ఆ బోర్లకు డబ్బు పంపినవారిలో మనమును ఉన్నాము. మన బోరులో నీరు పడిననాడు స్తోత్రము చెల్లించితిమి గాని, ప్రక్కవాని బావి అడుగంటునని తలంచలేదు. ఇది మనము ఒప్పుకొనవలసిన పాపము.

అయితే నిరీక్షణ ఉన్నది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడికతీత ఆరంభమై, ఆ ఒండ్రు పొలములకు ఎరువాయెను. చెరువులో నీరు నిలిచినచో దాని క్రింది బావులలో ఊట పెరుగును. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిన పాత మెట్లబావి బాగుచేయబడి, 2022 డిసెంబరులో తెరువబడెను.

మన సంఘ చరిత్రలోను పార ఉన్నది. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ప్రార్థనయు పారయు కలిసి నడిచెను.

ఇంకొక మాట. ఊరి బావియొద్దకు మన పితరులలో అనేకులను రానియ్యలేదు. దూరమున నిలిచి, ఎవరైనా కుండలో పోయుదురని కాచుకొనిరి. సుఖారు బావియొద్ద ప్రభువు సమరయ స్త్రీని నీళ్లడిగి ఆ గోడను పడగొట్టెను. కాబట్టి బావిని బాగుచేయుట చాలదు, అది అందరిదై యుండవలెను. ఇస్సాకు జగడమాడిన బావులను విడిచి, జగడము లేని బావికి రహెబోతు అని పేరు పెట్టెను.

ప్రియులారా, ఈ వేసవిలో పెండ్లిండ్లకు ఊరు వెళ్లునప్పుడు పెద్దలనడిగి పాత బావుల పేర్లు వ్రాసికొనుడి. కొత్త బోరుకు పంపదలచిన డబ్బును ఊరివారందరితో కలిసి పూడికతీతకు ఇయ్యుడి. రెండు దినములైనను మీరే తట్ట మోయుడి. నార్పోలిలో నల్లా నీరు త్రాగుచు, దప్పిగొన్న ఊరిని మరువకుందము.

జీవజలమిచ్చు ప్రభువు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.