మోకాలి మీద పెట్టుకుని రాసిన ఉత్తరం

చిరంజీవి చిన్నోడికి మీ తాతయ్య ఆశీస్సులు.

కిందటి ఆదివారం నువ్వు ఫోన్ పెట్టేశాక మీ నానమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "వాడు బాగానే ఉన్నాడుగా?" అని మీ నాన్న అడిగితే, "బాగానే ఉన్నానన్నాడు" అంది. ఇందులో నిన్ను అడిగే ప్రశ్నలేవీ ఉండవు, భయపడకు. నువ్వుండే చోటి పాతకాలపు మనుషుల సంగతులు మాత్రం ఉంటాయి. ఉద్యోగమున్నన్నాళ్లూ డిగ్రీ పిల్లలకి అమెరికన్ సాహిత్యం చెప్పిన మనిషి పెన్ను పట్టుకుంటే ఇంకేం రాస్తాడు?

ఇంగ్లండు చర్చిలో క్యాథలిక్ ఆచారాల వాసన ఇంకా పోలేదని, దాన్ని కడిగెయ్యాల్సిందేనని పట్టుబట్టినవాళ్లు ప్యూరిటన్లు. వాళ్లలో ఫ్రాన్సిస్ హిగ్గిన్సన్ అనే పాస్టరు 1629లో మసాచుసెట్స్‌లోని సేలం చేరాడు. అక్కడి నేలనీ, చేపల్నీ, చెట్లనీ మెచ్చుకుంటూ ఆయన రాసి పంపిన పుస్తకం 1630లో లండన్‌లో మూడుసార్లు అచ్చయింది. ఆ గాలి పీల్చాకే తన పాత జబ్బు నయమైందనీ, ఇప్పుడు మందపాటి బట్టలు కూడా అక్కర్లేదనీ రాశాడు. ఆ ఏడాది ఆగస్టులోనే జ్వరంతో పోయాడు.

అదే వేసవిలో అర్బెల్లా అనే ఓడ సేలం రేవుకి వచ్చింది. లింకన్ ప్రభువుల ఇంటి ఆడపడుచు లేడీ అర్బెల్లా పేరే ఆ ఓడకి పెట్టారు. ఆమె కూడా అందులోనే వచ్చింది. ఆగస్టు దాటకుండా ఆమె, సెప్టెంబరు దాటకుండా ఆమె భర్త కన్నుమూశారు. ఓడలో వచ్చినవాళ్లలో థామస్ డడ్లీ ఒకడు. అంతకుముందు ఆ ప్రభువుల ఇంట్లోనే వ్యవహారాలు చూసేవాడు, ఇప్పుడు కొత్త కాలనీకి డిప్యూటీ గవర్నరు. 1631 మార్చిలో ఆయన లింకన్ ప్రభువు భార్యకి ఒక ఉత్తరం రాశాడు. బల్ల లేదు, వేరే గది లేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ ఉండగా చలిమంట పక్కన కూచుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

ఏం రాశాడనుకున్నావు? తాము వచ్చేసరికి, ముందు వచ్చినవాళ్లలో ఎనభై మందికి పైగా ఆ చలికాలంలోనే చచ్చిపోయి ఉన్నారని. మిగిలినవాళ్లకి తిండి పెట్టలేక, తలకి 16 నుంచి 20 పౌండ్లు ఖర్చుపెట్టి రప్పించిన 180 మంది పనివాళ్లని వదిలెయ్యాల్సొచ్చిందని. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా తక్కువలో తక్కువ 200 మంది పోయారని. మరీ ఎక్కువగా పొగిడిన ఉత్తరాలు చదివి జనం మోసపోయారని కూడా అందులోనే రాశాడు. నిజం తెలిశాక కూడా రావాలనుకునేవాళ్లు రావచ్చు, లేనివాళ్లు ఆగిపోవచ్చు. తమ తర్వాత ఓడెక్కబోయేవాళ్ల కోసం రాసిన ఉత్తరం అది.

మన ఇంట్లో అలాంటి ఉత్తరం ఒక్కటి వచ్చి ఉంటే! భిలాయి నుంచి మీ చిన్నతాత రాసిన కార్డులు నానమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి, నువ్వూ చూశావు. ప్రతి కార్డులోనూ "నేను ఇక్కడ క్షేమం, పని బాగుంది, అమ్మకి చెప్పండి." చివరి మూడు కార్డులూ ఆసుపత్రి మంచం మీద రాసినవి. పని పోయి అప్పటికే చాలా నెలలైంది. ఆ కార్డులు నమ్మి పక్కింటి కుర్రాడొకడు కూడా అక్కడికి రైలెక్కాడు. తర్వాత జరిగింది మీ నాన్నకి తెలుసు, నీకూ తెలుసు. మళ్లీ రాయడం ఈ చేతి వల్ల కాదు.

ఆ తర్వాతి రోజుల్లోనే మీ తాతయ్య హైదరాబాదు ఎక్కువగా వెళ్తుండేవాడు. ఉస్మానియా ఆవరణలో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. దేశం నలుమూలల నుంచీ లెక్చరర్లు వేసవి సెలవుల్లో అక్కడికి చేరేవాళ్లు. ఎండలో నడిచి వెళ్లి, ఆ లైబ్రరీలో చల్లగా కూచుని, మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు భోజనం చేసి, మళ్లీ సాయంత్రం దాకా చదవడం. అంత సుఖం మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. డడ్లీ కూతురు ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ రాతలు చేతికి దొరికింది అక్కడే.

పద్దెనిమిదేళ్ల వయసులో, పెళ్లయి, తండ్రితో పాటే అర్బెల్లాలో వచ్చింది. 1650లో ఆమె కవితల్ని బావగారు ఆమెకి చెప్పకుండానే లండన్‌లో అచ్చువేయించాడు. అమెరికాకి వలస వచ్చినవాళ్లు రాసిన ఇంగ్లిష్ కవితల్లో పుస్తకంగా వచ్చిన మొదటిది అదే. 1666 జులైలో ఇల్లు కాలిపోయింది. ఎనిమిది మంది పిల్లల్ని పెంచింది. ఆ పిల్లల కోసం ఒక ఉత్తరం రాసిపెట్టుకుంది. 1672లో ఆమె పోయింది, ఆ ఉత్తరం పూర్తిగా అచ్చయింది మాత్రం 1867లో.

మామూలుగా పెద్దవాళ్లు అలాంటి ఉత్తరంలో ఏం రాస్తారు? దేవుణ్ని నమ్మండి, బుద్ధిగా ఉండండి అని. ఆవిడా అవన్నీ రాసింది. కానీ కొత్త దేశంలో దిగినప్పుడు అక్కడి తీరు చూసి తన మనసు ఎదురు తిరిగిందని కూడా రాసింది. చాలాకాలం పిల్లలు పుట్టక ఏడ్చానని రాసింది. అన్నిటికీ మించి, అసలు దేవుడున్నాడా, బైబిలు నిజమేనా అన్న అనుమానం తనని ఎన్నోసార్లు పట్టుకుందని రాసింది. ప్యూరిటన్ ఇంట్లో, గవర్నరు కూతురు, కన్నపిల్లలకి ఆ మాట రాసిపెట్టింది! తన గొప్ప చెప్పుకోడానికి కాదు, తన తర్వాత వాళ్లకి పనికొస్తుందని.

అందరికీ అది చేతకాలేదులే. ప్లిమత్ కాలనీ గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్, మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో సగం మంది మొదటి చలికాలంలోనే పోయిన సంగతి అలంకారాలు లేకుండా రాశాడు. ఆయన భార్య డొరతీ, ఓడ ఇంకా రేవులో ఉండగానే నీళ్లలో పడి చనిపోయింది. కానీ తను రాసిన అంత పెద్ద చరిత్రలో ఆమె ఎలా పోయిందో ఆయన ఎక్కడా చెప్పలేదు.

ఇప్పటివాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. స్టేటస్ పెట్టినవాడి వెనకాల మంచు, పక్కన కారు, మొహాన నవ్వు. అద్దెకి తెచ్చిన కారైనా సరే. ఇక్కడ చుట్టాలు ఆ ఫోటో చూసి తమ వాడికి బ్యాంకు లోను రాయించేస్తారు. హిగ్గిన్సన్ అయినా ఒక పుస్తకంతో ఆగాడు, వీళ్లు పూటకొకటి. ఇక పెళ్లిళ్లలో "మీ వాడికి ప్యాకేజీ ఎంత?" అని అన్నం కంచం దగ్గరే అడిగే పెద్దమనుషులు సరేసరి.

డడ్లీ గురించి ఇంకోమాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. 1637 నవంబరులో ఆన్ హచిన్సన్ అనే ఆవిడ పాస్టర్లని విమర్శిస్తూ ఇంట్లో సభలు పెడుతోందని విచారణకి పిలిచారు. ఆమెని గుచ్చిగుచ్చి అడిగినవాళ్లలో ఆ డడ్లీయే ఉన్నాడు. ఆమెని కాలనీ నుంచి వెళ్లగొట్టారు. పదేళ్లకి, 1647లో, డడ్లీ సొంత కూతురు సారా కూడా మతబోధ మొదలుపెడితే చర్చి వెలివేసింది. నిజం రాయగలిగినాయనకి నిజం వినడం అంత తేలిక కాలేదు. మన ఇళ్లూ అంతే. పిల్లలు మార్కులు తగ్గాయన్నా, ఉద్యోగం పోయిందన్నా, ముందు కోర్టు పెట్టేస్తాం. చిన్నతాత కార్డులు అలా ఎందుకు రాశాడో మీ తాతయ్యకి ఇన్నేళ్లకి కొంచెం కొంచెం అర్థమవుతోంది.

ఇక పని సంగతి. జాగ్రత్తగా చదువు.

ఒకటి. ఒక తెల్లకాగితం మీద ఫీజు బాకీ, అద్దె బాకీ, క్రెడిట్ కార్డు బాకీ, స్నేహితుల దగ్గర తీసుకున్నది, నాలుగు వరసలు రాసి ఫోటో తీసి మీ నాన్నకి పంపు. ఎందుకైంది, ఎలా అయింది అని ఎవరూ అడగరు. ఆ పూచీ మీ తాతయ్యది.

రెండు. క్లాసులు తగ్గించుకోవాలన్నా, ఒక సెమిస్టరు ఆగాలన్నా, ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లి అడుగు. వాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి, తర్వాత చెబితే వీసాకే ముప్పు. గ్యాస్ స్టేషన్‌లో చేతికి డబ్బులిచ్చే పని ఒద్దు. సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా చేసుకోనిస్తారు. అది దొరికితే చెయ్యి, దొరక్కపోతే మానెయ్యి.

మూడు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే యూనివర్సిటీ కౌన్సెలరు దగ్గరికి వెళ్లు. మనసు మరీ బాగోకపోతే 988కి ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా పలుకుతారు. అందులో నామోషీ ఏం లేదు.

నాలుగు. కాలవ గట్టు మీది అరెకరం గురించి బెంగపడకు. అది అమ్మడమా, ఉంచడమా అన్నది ఇక్కడివాళ్ల పని. తిరిగి వచ్చేస్తానంటే రా, టికెట్ ఇక్కణ్నుంచి తీస్తాం. ఉంటానంటే ఉండు.

ఆ కాగితం శుక్రవారంలోపు మీ నాన్నకి అందాలి.