నాలుగింటిలో ఒకటి పలకనప్పుడు



పాత అంబాసిడర్ కారు ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉంటే దానికేమవుతుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో 1958లో మొదలైన ఆ బండి తయారీ 2014లో ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో టార్పాలిన్ల కింద అవి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పెండ్లికూతురిని గుడికి తెచ్చిన బండి, నాన్నగారిని ఆసుపత్రికి చేర్చిన బండి. ఎవరూ దాన్ని గుద్దలేదు, విరగ్గొట్టలేదు. పట్టించుకోలేదు, అంతే.

ఆ "అంతే" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. చెడుగు అంటే ఏమిటని ఏళ్ల తరబడి మథనపడిన పునీత అగుస్తీనువారు చివరకు గ్రహించినదేమిటంటే, చెడుగు తనంతట తానుగా ఉన్న వస్తువు కాదు, ఉండవలసిన మంచి లేకపోవడమే చెడుగు. సెమినరీలో దీన్ని మేము లాటిను మాటల్లో కష్టపడి చదువుకున్నాం. మెకానికుకు ఆ కష్టం అక్కరలేదు. నిప్పురవ్వ లేదు, పెట్రోలు లేదు, గాలి లేదు, ఒత్తిడి లేదు. ఈ నాలుగు "లేదు"లలో ఏది ఉన్నా ఇంజను పలకదు. పూజ ప్రారంభంలో మనం రొమ్ము తట్టుకొని చెప్పుకునే పాపాలలో చేసినవే కాదు, చేయక విడిచినవి కూడా ఉన్నాయి గదా. ఆ చివరి మాట దగ్గర మన గొంతు ఎందుకో సన్నగిల్లుతుంది.

ఏడేళ్లు నిలిచిన కారును కనగానే కుర్రవాళ్లు చేసే మొదటి పని వెనుక చేరి తోయడం. అనుభవమున్న మెకానికు ఒప్పుకోడు. సిలిండర్ల లోపల సన్నగా తుప్పు పట్టి ఉంటుంది. బలవంతంగా తిప్పితే పిస్టన్ రింగులు విరుగుతాయి, గోడలు గీరుకుపోతాయి, ఆ తరువాత బోరు పని తప్పదు. అందుచేత ముందు నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు పోసి, రాత్రంతా నాననిచ్చి, తెల్లవారి హ్యాండిల్‌తో చేత్తోనే మెల్లగా తిప్పి చూస్తాడు. తిరగకపోతే మరో రోజు ఆగుతాడు.

ఒక కుటుంబం గురించి చెబుతాను. సంకీర్తనంలో విన్నది కాదు, ఊరంతా ఎరిగినదే. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు. ఇంటి స్థలం చిన్నవాడికి రాశారని పెద్దవాడు తండ్రితో మాట మానేశాడు. పదకొండేళ్లు. తండ్రి ఆదివారం మొదటి పూజకు వస్తే కొడుకు రెండో పూజకు వచ్చేవాడు. ఒక క్రిస్మసు నాడు బంధువులు ఇద్దరినీ గుడి మెట్ల మీద పట్టుకొని, పదిమంది ముందు కౌగిలించుకోమని తోశారు. సదుద్దేశమే, కాదనను. ఆ తరువాత రెండేళ్లపాటు పెద్దకొడుకు ఏ పూజకూ రాలేదు.

కారు సంగతికి వద్దాం. ఇంజను చేతికి తిరిగిందనుకోండి. ఇక పెట్రోలు. ఏళ్లనాటి పెట్రోలు కొన్ని నెలలకే పాడై, బంకలా మారి, కార్బురేటరులోని సన్నని దారులను మూసేస్తుంది. 2023 నుంచి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలైంది. అది తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలకు పడదు. కనుక టాంకులోది పూర్తిగా తీసివేసి, గొట్టాలూ ఫిల్టరూ మార్చి, కార్బురేటరు విప్పి కడగాలి. ఆరుబయట చేయండి, దగ్గర బీడీ కూడా వెలగకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జెట్ అనే చిన్న ఇత్తడి ముక్కకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. మూసుకుపోయిందని దానిలో తీగ పెట్టి పొడవకూడదు. ఇత్తడి మెత్తన. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు కొలత తప్పి, ఇంజను ఇక నల్లపొగ మానదు. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదాలి.

చాలాకాలానికి గుడికి వచ్చిన మనిషిని, గుమ్మంలోనే "ఇన్నాళ్లకు తోవ తెలిసిందా నాయనా?" అని పలకరించేవారు ప్రతి విచారణలోనూ ఒకరిద్దరుంటారు. అమ్మా, అది సూదితో పొడవడమే. మా గురువులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత సంకీర్తన పీఠం దగ్గర మోకరిల్లినవాడిని, ఇరవై ఏళ్లు ఎక్కడున్నావని మొదట అడగనక్కరలేదు.

బండి స్టార్టయినా ఒణుకుతూ, దడదడలాడుతూ నడుస్తుంటే మెకానికులు "మిస్సింగు కొడుతోంది" అంటారు. నాలుగు సిలిండర్లలో ఒకటి పలకడం లేదన్నమాట. మిగిలిన మూడూ దాన్ని మోస్తుంటాయి. బండి సాగుతుంది గనుక ఇంటివారు సర్దుకుపోతారు. కొందరు చోక్ లాగి పెట్టుకొని నడిపేస్తారు, కొందరు సీటు కవర్లు మారుస్తారు. (మనలోనూ ఏడాదికొక స్వస్థత కూటమితో సరిపెట్టుకునేవారున్నారు. కూటములను తప్పుపట్టడం లేదు. చోక్ చల్లని ఇంజనుకు అవసరమే, కానీ దాని మీదే ఊరంతా తిరగకూడదు.) పలకని సిలిండరు ఊరికే ఉండదు. దానిలోకి వచ్చే పెట్రోలు మండక గోడల మీది నూనెను కడిగేస్తుంది, కిందకు జారి ఇంజనాయిలును పలచన చేస్తుంది. ఆ పలచన ఆయిలే మిగిలిన మూడింటికీ వెళుతుంది. ఆ ఇంట్లో తల్లి మొహం చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఏది పలకడం లేదో కనుక్కునే పద్ధతి సులువు. ఇంజను నడుస్తుండగా, షాకు కొట్టకుండా తొడుగున్న పట్టకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా లాగి చూస్తారు. మంచి సిలిండరు తీగ లాగితే ఇంజను ఇంకా నీరసిస్తుంది. ఏ తీగ లాగినా లాగకపోయినా తేడా లేదో, దోషం అక్కడ. అప్పుడు ఆ ప్లగ్గు విప్పి రంగు చూస్తారు. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ. నూనె జిడ్డు అయితే రింగులో వాల్వులో అరిగాయి. తెల్లగా కాలితే గాలి ఎక్కువ లేదా వేడి ఎక్కువ.

అయినా అంతటితో ప్లగ్గుదే తప్పని తేల్చరు. ఆ ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చి చూస్తారు. దోషం దానితోపాటు వెళితే ప్లగ్గు పాడు. దోషం ఉన్నచోటే ఉంటే ప్లగ్గు మంచిదే, వేరేచోట వెతకాలి. తీగ, డిస్ట్రిబ్యూటరు మూత, పాయింట్లు, కండెన్సరు. ఆ పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటరు; అంత చిన్న చోట పేరుకున్న మసి చాలు, బండి నిలిచిపోవడానికి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అన్నీ కలిపి మార్చినవాడికి బండి బాగుపడినా, దోషమెక్కడుందో తెలియదు.

మన ఇండ్లలో ఈ పరీక్ష ఎవరూ చేయరు. "వాడి బుద్ధే అంత" అని ప్లగ్గు మీద నేరం మోపేస్తాం. ఆ పెద్దకొడుకు అత్తవారింట మంచివాడు, పనిచేసేచోట మంచివాడు, విన్సెంట్ దె పౌల్ సంఘంలో పేదలకు బియ్యం మోసినవాడు. కనుక ప్లగ్గు మంచిదే. మరి దోషం ఎక్కడ? చీలిన తీగ పగటిపూట దొరకదు. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజను నడిపిస్తే, చేరవలసిన చోటికి చేరకుండా పక్కకు చిమ్మే నీలిరవ్వలు కనిపిస్తాయి. ఈ ఇంట్లో తండ్రి మాట కొడుక్కి, కొడుకు మాట తండ్రికి పదకొండేళ్లుగా మోసింది ఒక దగ్గరి బంధువు. "వాణ్ణి వచ్చి అడగమనండి" అని తండ్రి అన్న మాట, "వచ్చి కాళ్లు పట్టుకోమన్నాడు" అని అక్కడ చేరింది. దారిలో చిమ్మిపోయింది.

పునీత ఇన్యాసివారు రోజూ ఆత్మశోధన చేసుకోమని నేర్పినప్పుడు, ముందు దేవునికి కృతజ్ఞతతో మొదలుపెట్టమన్నారు. నా అభిప్రాయంలో సిలిండరులో పోసే చెంచాడు నూనె అదే. తరువాత రోజంతటినీ గంట గంటగా చూసుకోవాలి, ఏ తీగ లాగితే తేడా రావడం లేదో. "నేను పాపిని" అని గుండుగుత్తగా చెప్పుకోవడం తేలిక. ఎక్కడ పలకడం లేదో చెప్పుకోవడమే కష్టం. లూకా సువార్త 13వ అధ్యాయంలో మూడేళ్లు కాయని అంజూరపు చెట్టును నరకమన్నప్పుడు, తోటమాలి ఇంకొక్క యేడు గడువు అడిగాడు. గడువు మాత్రమే కాదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. గడువు అడిగేవారు మనలో ఎందరో, గడ్డపార పట్టేవారు కొందరే.

ఆ తండ్రి ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా కొడుకు ఇంటికి వెళ్లాడు. వాకిట్లో కూర్చొని బోరుబావి సంగతి మాట్లాడుకున్నారట, ఎంత లోతు వేయించావు, మోటారు ఏ కంపెనీది అని. కోడలు కాఫీ ఇచ్చింది. స్థలం మాట ఎవరూ ఎత్తలేదు. అది ఇంకా అలాగే ఉంది.

పాత బండి స్టార్టయిన రోజే దూరప్రయాణం పెట్టుకోకండి. ఆవరణలోనే కాసేపు నడిపించి ఆపండి. చల్లారాక నీళ్లు చూడండి, ఆయిలు చూడండి, కింద ఎక్కడైనా చుక్కలు పడ్డాయేమో వంగి చూడండి. పాత ఆయిలు పలచబడి ఉంటే తీసి కొత్తది పోయండి. బ్రేకులు చూపించకుండా రోడ్డెక్కవద్దు. చాలాకాలానికి పాపసంకీర్తనం చేసినవారికి కూడా మొదటి వారం ఇలాంటిదే. పెద్ద పెద్ద మొక్కులు పెట్టుకోకుండా రాత్రి ఒక జపమాల, ఆదివారం పూజ.

మీ విచారణలో పాపసంకీర్తన వేళలు గుడి నోటీసు బోర్డు మీద ఉంటాయి. ఆ వేళకు పదిమంది కంట పడాలని సంకోచించేవారు గురువుగారిని వేరే వేళ అడగండి. రాత్రి పొద్దుపోయాక తలుపు తట్టినా లేచి వస్తారు.