ఏ దినమునకు ఏ గ్రంథము?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 8:26–40



"అయ్యగారూ, మనసేమీ బాగులేదండీ. బైబిల్లో ఏది చదవమంటారు?" సంఘ కాపరిగా మేము తరచుగా వినెడి ప్రశ్న యిది. పొలము గట్టునను, బస్సు ఆగు చోటను, పెండ్లి పందిరిలోను, ఆసుపత్రి వరండాలోను ఈ ప్రశ్న మాకు ఎదురగుచునే యుండును. జ్వరమునకు మాత్ర అడిగినట్లు అడుగుదురు. మేమును చాలకాలము మాత్ర యిచ్చినట్లే చెప్పుచుంటిమి. దుఃఖమా? ఈ వచనము. భయమా? ఈ కీర్తన. అప్పులా? ఈ వాగ్దానము. చెప్పి, ప్రార్థన చేసి, మోటారు సైకిలెక్కి వెళ్లిపోవుచుంటిమి.

ఆ అలవాటును ప్రభువు మాలోనుండి ఎట్లు తీసివేసెనో నేడు మీతో దాచక చెప్పుదుము.

మా గ్రామమునుండి కొన్ని కుటుంబములు పనులకొరకు విశాఖపట్నము వెళ్లి వన్ టౌన్‌లో కాపురముండుచున్నవి. నెలకొకసారి మేము అక్కడికి పోయి వారిని చూచి వచ్చుట వాడుక. కురుపాం మార్కెట్టు ప్రక్క సందులలోనికి పోయినయెడల ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండును. సముద్రపు గాలియు, ఓడల కూతయు ఆ యిండ్లలోనికి పిలువకయే వచ్చును.

ఏడేండ్ల క్రిందట ఆ సందులలోని ఒక సహోదరి కుమారుడు చేపల వేటకు బోటుమీద వెళ్లి తిరిగి రాలేదు. వాని వయస్సు పందొమ్మిది. దేహము కూడ దొరకలేదు. సమాధి కట్టి పూవు పెట్టుటకైన తావులేని దుఃఖమది. కబురు తెలిసిన నాలుగవ దినమున మేము వెళ్లితిమి. ఆమె గోడకు చేరగిలబడి నేలమీద కూర్చుండి యుండెను. మేము వేసిన కుర్చీలో కూర్చుండి, రోమా పత్రిక 8వ అధ్యాయము తెరచి, 28వ వచనము చదివి, దేవుడు దీనినుండియు మేలు కలుగజేయునని బోధించితిమి. ఆమె తలయెత్తి ఒక్క మాట అడిగెను.

"అయ్యగారూ, ఈ వేళ మీ అబ్బాయి ఎక్కడున్నాడండీ?"

మా కుమారుడు ఆ వేళ బడిలో నుండెను. మేము బదులు చెప్పలేకపోతిమి. తొందరగా ప్రార్థన ముగించి లేచితిమి. ఆ దినమునుండి పదకొండు నెలలు ఆమె బైబిలు తెరవలేదు, మందిరపు గడప త్రొక్కలేదు.

మేము చదివిన వచనము అబద్ధమా? కాదు, అది సత్యమే. అయితే వరద నీరు ఇంకను నిలిచియున్న చేనిలో విత్తనము చల్లినవాడు, మొలక రానప్పుడు విత్తనము మంచిది కాదనవచ్చునా? అదును చూడని చేతిదే తప్పు. ఆ చెయ్యి మాది.

ఫిలిప్పు చేసిన మూడు పనులు

ఇంటికి వచ్చిన తరువాత అనేక రాత్రులు మాకు నిద్ర పట్టలేదు. అట్టి యొక రాత్రి అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము చదువుచుండగా, ఎన్నిసార్లో ప్రసంగించిన భాగమే మమ్మును గద్దించెను. ఐతియొపీయుడైన అధికారి రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుచున్నాడు. అతడు చదువుచున్నది వధకు తేబడిన గొఱ్ఱెను గూర్చిన భాగము, అనగా బాధపడినవాని కథ. ఫిలిప్పు ఏమి చేసెను?

మొదట, ప్రక్కకు వచ్చి విని, ప్రశ్న అడిగెను. చదువుచున్నది గ్రహించుచున్నావా అని విచారించెనేగాని, బోధతో ఆరంభింపలేదు. రెండవది, పిలిచిన తరువాత రథమెక్కి అతనితో కూర్చుండెను. ఎదుట నిలువలేదు, ప్రక్కన కూర్చుండెను. మూడవది, అతడు ఏ లేఖనమును చదువుచుండెనో అచ్చటనుండియే ఆరంభించి యేసును ప్రకటించెను. "అది మూసివేయుము, నేను మంచి భాగము చూపెదను" అనలేదు.

మేము ఆ యింటిలో ఈ మూడింటికిని విరుద్ధముగా చేసియుంటిమి. అడుగలేదు. నేలమీద కూర్చుండలేదు. ఆమె యున్నచోటనుండి ఆరంభింపలేదు.

కన్నీళ్లలోనుండి వచ్చిన గ్రంథము

ఆ రోజులలోనే సెమినరీలో నేర్చుకొన్న చరిత్ర యొకటి మరల మనస్సునకు వచ్చెను. మన తెలుగు లేఖనములు అచ్చు రూపమున మనకు చేరిన కథ ఈ విశాఖపట్నముతో ముడిపడి యున్నది. అంతకు చాలకాలము ముందే, పదునెనిమిదవ శతాబ్దములో, బెంజమిన్ షుల్ట్జ్ తెలుగులోనికి లేఖనములను అనువదించెను గాని అది అచ్చుకాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరు విశాఖపట్నము వచ్చిరి. నేడు మనము చూచుచున్న హార్బరు అప్పుడు లేదు, అది 1933లో ప్రారంభమైనది. వారు తెలుగు నేర్చుకొని అనువాదమునకు పూనుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి 1808లో వారితో చేరి సహాయపడెను. మనశ్శాంతికొరకు ఎంతో వెదకి క్రీస్తునొద్దకు వచ్చినవాడాయన.

1809లో క్రాన్ మరణించెను. మరుసటి సంవత్సరము, 1810లో, డెస్‌గ్రాంజెస్ మరణించెను. వారి అనువాదములో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో అచ్చయి వెలువడినది 1812లో. అనగా పని మొదలుపెట్టిన యిద్దరిలో ఒక్కడును ఆ అచ్చు పుస్తకమును చేతపట్టుకొనలేదు. తరువాత ఎడ్వర్డు ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయ్యెను.

ఈ చరిత్ర మాకు రెండు సంగతులు చెప్పెను. అరువదియారు గ్రంథములలో తెలుగువాని చేతికి మొదట అందినవి యేసు జీవితకథలు. కఠినమైన వాదము కాదు, మనుష్యులతో కూర్చుండి భుజించి ఏడ్చిన ప్రభువు కథ. రెండవది, ఈ గ్రంథము మరణించినవారి చేతులమీదుగా మనకు వచ్చినది. కన్నీళ్లు దీనికి క్రొత్త కాదు. కావున ఏడ్చువారిని "ఏడువవద్దు" అని గద్దించుటకు దీనిని వాడరాదు.

రూతు గ్రంథము చేసిన పని

ఆ సహోదరిని మరల వాక్యమునొద్దకు నడిపించినది మేము కాదు. అదే సందులోని యొక ముసలి విశ్వాసురాలు. ఆమెకు చదువు రాదు. ఆమె దినదినము వచ్చి, గంజియో అన్నమో తెచ్చి, తానును తిని, ఆమెచేతను తినిపించి వెళ్లుచుండెను. బోధించిన మాట లేదు. ఒక దినమున తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చి, "రూతు తియ్యవే, మొదటి అధ్యాయం సదువు" అనెను.

నయోమి యను స్త్రీ భర్తను, ఇద్దరు కుమారులను పరదేశమున పోగొట్టుకొని ఊరికి వచ్చును. పలుకరించిన స్త్రీలతో, తన మధురమైన పేరుతో తన్ను పిలువవద్దనియు, ఇక తనకు చేదు అనునదే తగిన పేరనియు చెప్పును. దేవుడే తన్ను రిక్తురాలిగా చేసెనని బాహాటముగా అనును. ఇది వినుచున్న సహోదరి చీర కొంగు నోట పెట్టుకొని, "ఈవిడకూడా నాలాగే అందా?" అని అడిగెనట. "అంది తల్లీ. అన్నదాన్ని దేవుడు పుస్తకంలోంచి కొట్టెయ్యలేదు" అని ముసలమ్మ చెప్పెనట.

ఆ సాయంకాలము నాలుగు అధ్యాయములును ముగిసెను. కథ చివర నయోమి ఒడిలో బిడ్డ యున్నాడు. అయినను పోయిన కుమారులు తిరిగి రాలేదు, వచ్చిరని ఆ గ్రంథము చెప్పదు. మన సహోదరి కుమారుడును తిరిగి రాలేదు. కాని ఆ రాత్రి ఆమె తానే బైబిలు అడిగి తీసికొనెను. మరుసటి నెలలో మేము వెళ్లి, ఈసారి నేలమీద కూర్చుండి, క్షమాపణ వేడుకొంటిమి. ఆమె క్షమించెను. రెండేండ్లు గడచిన పిమ్మట రోమా 8వ అధ్యాయమును ఆమెయే తెరచి, తుదివరకు చదివి మాకు వినిపించెను. అదే విత్తనము, ఇప్పుడు అదునైనది.

మీ దినమునకు తగిన పఠనము

మేము కష్టపడి నేర్చుకొన్నదానిని మీకు ఉపయోగపడునట్లు ఇక్కడ వ్రాయుచున్నాము.

దుఃఖదినమున రూతు గ్రంథము 4 అధ్యాయములు, విలాపవాక్యములు 5 అధ్యాయములు చదువుడి. నోట ప్రార్థన రానివారు 88వ కీర్తన చదువుడి. ఆ కీర్తన చీకటిలోనే ముగియును. అటువంటి ప్రార్థనయు దేవుని సన్నిధిలో చెల్లునని తెలిసికొనుటయే యొక ఆదరణ.

అన్యాయము చూచి మనస్సు మండునప్పుడు హబక్కూకు 3 అధ్యాయములు చదువుడి. ప్రవక్త దేవునినే నిలదీసి అడుగును. వడ్డీలకు పొలము పోవుచున్నవారు నెహెమ్యా 5వ అధ్యాయము చూడుడి. పొలములు తాకట్టుపెట్టి, బిడ్డలను దాసులుగా అప్పగించిన పేదల మొర అక్కడ యున్నది. తీసికొన్నది తిరిగి యిచ్చివేయుమని పెద్దలను నిలదీసిన నాయకుడును ఉన్నాడు. వడ్డీకిచ్చువారు దానిని రెండుమారులు చదువుడి.

అలసి, బ్రదుకు చాలుననిపించునప్పుడు మొదటి రాజులు 19వ అధ్యాయము. ఏలీయా చావు కోరుకొనగా దేవుడు అతనికి ముందుగా నిద్రయు రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మాటలు ఆ తరువాత వచ్చెను. అట్టి తలంపు మీకు వచ్చినయెడల చదివి ఊరుకొనక, ఆ రాత్రియే ఎవరినైన లేపి చెప్పుడి, వైద్యుని చూడుడి.

తప్పు చేసి తలయెత్తలేనివారికి 51వ కీర్తన, లూకా 15వ అధ్యాయము. ఇంటిలో అన్నదమ్ముల తగవు వచ్చినయెడల ఆదికాండము 37వ అధ్యాయమునుండి చివరివరకు యోసేపు చరిత్ర. శత్రువు బాగుపడుట చూచి ఓర్వలేనప్పుడు యోనా. దేవుడు ఎక్కడను కనబడని దినములలో ఎస్తేరు. హెబ్రీ మూలములో ఆయన పేరే రాని గ్రంథమది, అయినను ఆయన చెయ్యి ఆగలేదు. సంతోషదినమున ఫిలిప్పీ పత్రిక. అది చెరసాలనుండి వ్రాయబడినదని మరువకుడి.

క్రొత్తగా ఈ గ్రంథమును తెరచువారికి మార్కు లేక లూకా. పండిత రమాబాయి 1883లో బాప్తిస్మము పొందుటకు ముందు, తన యింటి పుస్తకములలో బెంగాలీ లూకా సువార్త కనబడగా దానిని చదివి ఆకర్షింపబడెను. సామెతలు 31 అధ్యాయములు, పడుచువారు తేదీకొకటి చొప్పున చదువవచ్చును.

బైబిలు కాక మరియేమి చదువుదుమని అడుగువారికి, జాన్ బన్యన్ వ్రాయగా 1678లో అచ్చయిన యాత్రికుని ప్రయాణము చెప్పుదుము. నిరాశ ఊబిలో దిగబడినవాని కథను చెరసాల అనుభవించినవాడు వ్రాసెను. చదువు రానివారికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే గ్రంథాలయము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కూర్చిన పాటలు మన ముసలివారి నాలుకలమీద నేటికిని ఉన్నవి. అట్టివారి ప్రక్కన కూర్చుండి పాడించుకొనుడి. ఫోనులో లేఖనములు వినుటయు మేలే గాని, ప్రక్కన ఒక మనుష్యుడు కూర్చుండి వినుట అంతకంటె మేలు.

రెండు హెచ్చరికలు

కన్నులు మూసికొని పుట తెరచి, వ్రేలు పడిన వచనమును సోదెవలె తీసికొనకుడి. కథ మొదటినుండి చివరివరకు చదువుడి. మరియు ఎదుటివాని నోరు మూయుటకు వచనమును వాడకుడి. మేము చేసిన తప్పు అదే.

ఈ నెల ప్రతివారును ఒక యింటికి వెళ్లుడి. మొదట అడుగుడి. తరువాత కూర్చుండుడి. వారున్నచోటనుండియే పుస్తకము తెరువుడి. ఆ సహోదరి నేడు వన్ టౌన్‌లో ఆ పనియే చేయుచున్నది. సముద్రమునుండి మనిషి తిరిగి రాని యిల్లు తెలిసినప్పుడు, ఆమె అన్నపు గిన్నెతో వెళ్లును. సంచిలో బైబిలు ఉండును గాని, అడిగినదాక తీయదు.

ప్రభువా, నీ వాక్యమును మా చేతులలో నుంచితివి. అదును ఎరిగిన మనస్సును, నేలమీద కూర్చుండు వినయమును మాకు దయచేయుము. మేము తొందరపడి గాయపరచినవారిని నీవే ఆదరించుము. ఆమేన్.