ఆట ఎవరిది? తీరిక ఎవరిది?

ఉద్యోగ విరమణ అన్న మాటలో విరమించేది ఉద్యోగం మాత్రమే, పని కాదు. మగవాళ్ళ విషయంలో ఈ తేడా పెద్దగా కనిపించదు. వాళ్ళకి పని అంటే చాలావరకు ఉద్యోగమే కాబట్టి అది ఆగిన రోజు నుంచి రోజంతా ఖాళీ అవుతుంది. ఆడవాళ్ళకి ఉద్యోగం ఆగిన మర్నాడు కూడా పాలు కాచాలి, కూర తరగాలి. తెలంగాణ 2021లో తన ఉద్యోగుల విరమణ వయసును 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. ఆ పెంపు మంచిదా కాదా అన్న వాదన చాలానే నడిచింది. వంటింటి నుంచి ఏ వయసులో విరమించాలన్న ప్రశ్న మాత్రం ఆ వాదనలో ఎక్కడా లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది దీనికి ఆనుకుని ఉన్న మరో ప్రశ్న. పని ముగించుకున్న మనిషికి ఆడుకునే హక్కు ఉందా? ఉంటే, ఆ ఆటకి కావలసిన చోటూ సమయమూ ఎవరి వాటాలోంచి వస్తాయి? దీని గురించి గాలిలో మాట్లాడటం ఇష్టం లేక ఒక నిర్దిష్టమైన ఆటని తీసుకుంటున్నాను. అది విరమణ తర్వాత మగవాళ్ళు ఇష్టంగా చేపట్టే బొమ్మ రైళ్ళ నిర్మాణం. ఎంచుకోవడానికి కారణం ఉంది. దీనివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. డబ్బు, చోటు, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. పైగా ఇది దాదాపు పూర్తిగా మగవాళ్ళ లోకం.

దీన్ని పిల్లల ఆటగా కొట్టిపారేస్తే పొరపాటే. ప్రపంచంలో ఎక్కువమంది వాడే 'హెచ్‌ఓ' కొలతలో ప్రతి వస్తువూ అసలుదానిలో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అయిదడుగుల మూడంగుళాల మనిషి రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. కొండలు, సొరంగాలు, సిగ్నళ్ళు, స్టేషన్ బయట టీకొట్టు, అన్నీ ఈ లెక్కకి లోబడాలి. పుణెలో జోషి గారి బొమ్మ రైళ్ళ మ్యూజియం 1998 నుంచి ఉంది. హాంబర్గ్‌లో 2001లో ఇద్దరు కవల సోదరులు మొదలుపెట్టిన 'మినియేచర్ వండర్‌లాండ్' ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్దది. గాయకుడు రాడ్ స్టీవర్ట్ ఇరవై ఏళ్ళకి పైగా శ్రమించి ఒక అమెరికన్ నగరాన్ని రైలుమార్గాలతో సహా కట్టి 2019లో దాన్ని బయటపెట్టాడు. కచేరీలకి ఊళ్ళు తిరుగుతున్నప్పుడు కూడా ఆ పనిముట్లు వెంట తీసుకెళ్ళేవాడట.

ఈ లోకం మొదటినుంచీ ఇలా లేదన్నది నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం. బొమ్మ రైళ్ళకి పేరుపడ్డ జర్మన్ సంస్థ మార్క్లిన్ 1859లో గోపింగెన్ అనే ఊళ్ళో మొదలైంది. అప్పుడది చేసినవి రైళ్ళు కావు. ఆడపిల్లల బొమ్మరిళ్ళకి కావలసిన రేకు సామాన్లు. స్థాపకుడు 1866లో చనిపోతే అతని భార్య కరోలిన్ దాదాపు రెండు దశాబ్దాలు ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది. కొడుకుల చేతికి వచ్చాక, 1891లో లైప్‌జిగ్ సంతలో, ఒకదానికొకటి అమరే పట్టాలతో రైలు బొమ్మల్ని ప్రదర్శించారు. అంటే బొమ్మ వంటింటి మీద, ఒక వితంతువు శ్రమ మీద నిలబడ్డ సంస్థలోంచి ఈ రైలు బయల్దేరింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ళు అమ్మడం మొదలుపెట్టే నాటికి ప్రకటనలన్నీ అబ్బాయిలతోనే మాట్లాడుతున్నాయి. అమెరికాలో లయోనెల్ కంపెనీకి 1957లో అమ్మాయిలు గుర్తొచ్చారు. గులాబీరంగు ఇంజను, లేతరంగుల పెట్టెలు తయారుచేసి 'అమ్మాయిల రైలు' అంది. అది అమ్ముడుపోలేదు. పోకపోవడం సహజమే. రైలు మీద మనసుపడ్డ అమ్మాయికి నల్లగా, బరువుగా, నిజం రైలులా ఉండేదే కావాలి. రంగు పులిమితే తప్ప అది తనది కాదని చెప్పడంలోనే అసలు రైలు ఆమెది కాదన్న తీర్పు ఉంది.

మన దగ్గర ఈ తీర్పు ఇంకా ముందే జరిగిపోతుంది. ఆడపిల్లల ఆటలకి మన భాషలో ఎంత చక్కని పేర్లున్నాయి! గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు, బొమ్మరిల్లు. ఏటికొప్పాక లక్కపిడతలు చూస్తే ఇప్పటికీ నా చెయ్యి ఆగదు. కానీ ఈ ఆటలన్నీ రేపటి పనికి రిహార్సళ్ళు. పిల్లాడు రైలుతో ఆడుకుంటే వాడు పెద్దయి ఇంజను డ్రైవరు అవుతాడని ఎవరూ అనుకోరు. అది ఉత్త ఆట. అందుకే అరవై ఏళ్ళకి అతను దాని దగ్గరికి తిరిగి వెళ్ళగలడు. ఆడపిల్ల ఏ ఆటకి తిరిగి వెళ్ళాలి? ఆమె లక్కపిడతలు నలభై ఏళ్ళ కిందటే కుక్కర్లూ మూకుళ్ళూ అయిపోయాయి.

సికింద్రాబాద్‌లో మా మావయ్య రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అదే ఏడు అత్తయ్య ప్రభుత్వ బడి టీచరుగా రిటైరయ్యింది. మావయ్య మేడమీద గదిలో ఒక చెక్క బల్ల వేయించి దానిమీద ఒక చిన్న జంక్షన్ కడుతున్నారు. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్తే భోజనానికే కిందికి వస్తారు. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు కాబట్టి 87వ వంతు లెక్కన పంతొమ్మిది మిల్లీమీటర్లకి పైగా ఉండాలి. బజార్లో దొరికేవి విదేశీ ప్రమాణం ప్రకారం చేసిన 16.5 పట్టాలే. ఆ తేడా ఆయన్ని నిజంగా బాధపెడుతుంది. అట్టముక్కలూ ప్లాస్టిక్ షీట్లూ కోసి పెట్టెలు తయారుచేసేటప్పుడు ఆయన మొహంలో ఉండే ఏకాగ్రత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చూడలేదు. దాన్ని చూసి సంతోషించకుండా ఉండటం కష్టం.

అత్తయ్యని ఒకసారి అడిగాను, మీరు కూడా ఏదైనా మొదలుపెట్టొచ్చు కదా అని. "ఖాళీ లేక కాదే తల్లీ," అంది. "ఖాళీ దొరికితే భయమేస్తుంది. ఏదో మర్చిపోయానేమో అనిపిస్తుంది. లేచి వెళ్ళి స్టవ్ చూసొస్తాను." ఇన్నేళ్ళుగా స్త్రీల రచనల్లో ఇంటిచాకిరీ గురించి చదివీ రాసీ ఉన్నాను. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి గురించి తరగతి గదుల్లో మాట్లాడాను. అయినా అత్తయ్య మాట నాకు కొత్తగా తగిలింది. పేరు మర్చిపోవడం ఒక నష్టం. తీరికని తప్పులా అనుభవించడం ఇంకొకటి. పేరుని గుర్తుచేసేవాళ్ళు ఉండొచ్చు. పోయిన తీరికని గుర్తుచేసేవాళ్ళెవరు?

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి. అయితే ఈ అంకెలు చెప్పనిది ఒకటుంది. స్త్రీల తీరిక తక్కువగా ఉండటమే కాదు, తునకలు తునకలుగా ఉంటుంది. కుక్కర్ కూతకీ కూతకీ మధ్య పది నిమిషాలు, మనవడి స్కూలు ఆటో వచ్చేలోపు పావుగంట. అందుకే ఆడవాళ్ళ హాబీలని మనం చెప్పుకునేవన్నీ ఎప్పుడంటే అప్పుడు కింద పెట్టి మళ్ళీ అందుకోగలిగినవే. అల్లిక, కుట్టు, సీరియల్ నవల. వేడి సోల్డరింగ్ ఐరన్ చేతిలో పట్టుకుని సన్నటి తీగని అతికిస్తున్న మనిషిని ఎవరూ పిలవకూడదు. మావయ్యని ఎవరూ పిలవరు. పిలవకుండా ఆపుతున్నది అత్తయ్య.

హన్నా ఆరెంట్ 1958లో రాసిన 'ది హ్యూమన్ కండిషన్'లో శ్రమనీ నిర్మాణాన్నీ వేరుచేసి చూపింది. బతుకుని నిలబెట్టడానికి రోజూ చేసి, రోజూ ఖర్చయిపోయేది శ్రమ. లోకంలో నిలిచే వస్తువుని తయారుచేసేది నిర్మాణం. అంతకు ముందే, 1949లో, సిమోన్ ద బువా ఇంటిపనిని గ్రీకు పురాణంలో బండని కొండెక్కించే సిసిఫస్ శిక్షతో పోల్చింది. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే బొమ్మ రైలు ఆకర్షణ ఏమిటో అర్థమవుతుంది. నలభై ఏళ్ళు ఫైళ్ళు తిప్పిన మనిషికి తన చేత్తో ఒకటి కట్టి, అది నిలవడం చూడాలని ఉంటుంది. ఇది చిన్న కోరిక కాదు. కానీ ఈ కోరిక తీరాలంటే ఇంట్లో మరొకరు శ్రమలోనే ఉండిపోవాలా అన్నదే నైతిక ప్రశ్న. పని చేసేది తీరిక కోసమే అన్న అరిస్టాటిల్ కాలంలో ఆ తీరిక కింద బానిసలూ స్త్రీలూ ఉన్నారు. మన ఇళ్ళలో ఆ మాట పైకి అనం, అంతే.

వాల్ట్ డిస్నీ 1950లో తన ఇంటి పెరట్లో మనిషి కూర్చుని నడపగలిగే చిన్న రైలుమార్గం వేసుకున్నాడు. అది భార్య లిలియన్ పూలమొక్కల వైపు నుంచి వెళ్ళాలి. ఆ మేరకు దారి హక్కు తనకి ఉందంటూ భార్య చేత, కూతుళ్ళ చేత సంతకాలు పెట్టించి సరదాగా ఒక ఒప్పందం రాయించాడు. పూలమొక్కలు పాడవకుండా కింద సొరంగం తవ్వించాడు. ఇంజనుకి ఆమె పేరే పెట్టాడు, 'లిల్లీ బెల్' అని. ముచ్చటైన కథే. కనీసం అతనికి అడగాలని తోచింది, అది భార్య చోటని తెలుసు. చాలా ఇళ్ళలో అడగాల్సినదేదో ఉందన్న స్పృహే ఉండదు. అయినా పేరు పెట్టడంతో బాకీ తీరిపోతుందా? కృతజ్ఞత, వాటా రెండూ ఒకటి కావు.

ఇక్కడ రెండు తేలిక జవాబులున్నాయి. మొదటిది, మావయ్య స్వార్థపరుడు, ఆ బల్ల తీసెయ్యాలి అనడం. దీంతో నేను ఏకీభవించను. ఒకరి ఆట ఆపితే ఇంకొకరికి ఆట రాదు. ఇద్దరికీ లేని సమానత్వంతో మనకేం పని? రెండోది, అత్తయ్య కూడా ఒక హాబీ వెతుక్కోవాలి అనడం. ఇది మరీ అన్యాయం. చేస్తున్న పనుల పట్టికలో ఇంకో పని చేర్చడమే అవుతుంది.

మన వైపు నుంచి కూడా ఒక ఇబ్బంది ఉంది. ఆడవాళ్ళు చేతులతో చేసే ప్రతిదానికీ ఒక ప్రయోజనం చూపించాలని స్త్రీవాదులమైన మనమే తొందరపడుతుంటాం. కుట్టు అయితే ఆదాయం. ముగ్గు అయితే జానపద కళ. బొమ్మల కొలువు అయితే సంస్కృతి. నిజానికి సంక్రాంతి కొలువు కంటే పెద్ద సూక్ష్మలోక నిర్మాణం మనకేముంది? మెట్లమీద ఊరు, బావి, పెళ్ళి బృందం, కొండపల్లి ఏనుగు అంబారీ. వాటిని అమర్చిన ఆడవాళ్ళు అందులో ఎంత ఆడుకున్నారో మనం అడగలేదు. పేరంటంలో కలిపేశాం. అబ్బూరి ఛాయాదేవి గారు 'బోన్‌సాయ్ బ్రతుకు' రాసి, కత్తిరించి పొట్టిచేసిన జీవితం ఎలా ఉంటుందో చూపించారు. ఆవిడే పనికిరాని వస్తువులతో ముచ్చటగా బొమ్మలు చేసేవారు. మన వ్యాసాలన్నీ ఆ కథ గురించే, ఆ బొమ్మల గురించి కాదు. పొట్టిచేయబడటం వేరు, తానే ఒకదాన్ని చిన్నదిగా చేసి అరచేతిలో పెట్టుకుని చూడటం వేరు. రెండోదానికి కూడా మన విమర్శలో చోటుండాలి.

ఈ మొత్తం చర్చకి ఒక హద్దు ఉందని తెలుసు. మావయ్యకీ అత్తయ్యకీ పెన్షన్ ఉంది. ఆ గది తుడిచే పనిమనిషికి, నాట్లు వేసే కూలీకి, కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే నాలాంటి వాళ్ళకి విరమణ అన్న మాటే వర్తించదు. ఒళ్ళు పనిచేయనినాడు ఆగడమే. కాబట్టి ఆడుకునే హక్కు అడగడం అంటే పెన్షన్ అడగడం, వృద్ధాప్యంలో ఇంటిపని వాటా అడగడం కూడా. ముందు తిండి, తర్వాత ఆట అని వరస పెడితే ఆడవాళ్ళ ఆట ఎప్పటికీ రాదు. రెండూ కలిపే అడగాలి.

అత్తయ్య గురించి ఒకటి చెప్పకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. మావయ్య తెప్పించిన రెండు సెంటీమీటర్ల జర్మన్ మనుషులందరూ కోట్లూ టోపీలూ వేసుకుని ఉన్నారు. మన జంక్షన్‌లో వాళ్ళేమిటని అత్తయ్య ఆడబొమ్మలకి సన్నటి కుంచెతో చీరలు వేసింది. పన్నెండు చీరలు, ఒకదానికి గద్వాల అంచు కూడా. ఆ పన్నెండూ వేయడానికి నాలుగు నెలలు పట్టింది. పదమూడోది వేసేలోపు మనవడి పరీక్షలొచ్చాయి. ఆ బొమ్మల్ని నాకు చూపిస్తూ మావయ్య, "మీ అత్తయ్య హెల్ప్ చేసింది," అన్నారు. అత్తయ్య కూడా అదే మాట అంది.

సహాయం అన్న ఆ మాట దగ్గరే నాకు పేచీ. పనిలో స్త్రీల శ్రమని సహాయం అంటే ఒప్పుకోకూడదని మనం నేర్చుకున్నాం. ఆటలో కూడా ఒప్పుకోకూడదు. ఆ అంచు వేస్తున్నంతసేపూ ఆమె ఎవరికీ సహాయం చేయడం లేదు. ఆడుకుంటోంది. పదమూడో చీర పూర్తి కావాలంటే మావయ్య మేడ దిగి, ఎవరూ అడగకుండానే, ఆ పూట స్టవ్ తను చూసుకోవాలి. ఒక్క పూట కాదు, రోజూ. అప్పుడు గానీ ఆమెకి ఖాళీ అంటే భయం పోదు.