పని వారసత్వమా, సంకెలా?

వడ్రంగి కొడుకు వడ్రంగే అవుతాడంటారు. ఆ మాటలో ఆదరం ఉంది, ఆంక్షా ఉంది. తాత ఉలి మనవడి చేతికి రావడం మంచిదే. కానీ మనవడు ఉలి వద్దు, చదువు కావాలంటే? వేరే ఇంటి పిల్ల వచ్చి ఆ ఉలి నాకు నేర్పమంటే?

గిరిజనులకు ఇది ఉత్త తర్కం కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. నేత, వడ్రంగం తరతరాలుగా వచ్చినట్టే కొన్ని తెగల్లో నేరమూ పుట్టుకతో వస్తుందన్నది దాని వెనకున్న వాదం. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. అప్పటి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆస్పరి ప్రాంతమూ ఆ రాజధానిలోదే. మన ఎరుకల కుటుంబాలెన్నో పోలీసు పుస్తకాలకెక్కాయి. చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. పుట్టుకను బట్టి మనిషి పని నిర్ణయించే ఆలోచన ఎక్కడిదాకా పోగలదో ఆ చట్టమే చూపింది.

అయితే పాత పనులన్నీ వదిలేయాలా? అక్కర్లేదు. మన పక్క మట్టిమిద్దెను చూడండి. దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన పలకలో బండలో, మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే బంకమట్టి ఉబ్బి సందులు మూస్తుంది, నీరు దిగదు. ఈ తెలివి రక్తంలో రాలేదు. ఎవరో గమనించారు, ఇంకొకరికి చెప్పారు.

సుగ్గికి పోయే ఇంటి కుర్రాడు బెంగళూరులో చెక్కనేలలు పరిచే ముఠాలో చేరాడనుకుందాం. వాడూ అలాగే నేర్చుకోవాలి. పలకలను పరచేముందు కొన్నాళ్లు ఆ గదిలోనే ఉంచాలి. గోడ పొడవునా సందు వదలాలి, లేకపోతే వానాకాలం తేమకు చెక్క ఉబ్బి నేల పైకి లేస్తుంది. ఒక పలక అంచున నాలుక, పక్కదానికి గాడి ఉంటాయి. మేకు నాలుకలోంచి ఏటవాలుగా దిగుతుంది, తర్వాతి పలక దాన్ని కప్పేస్తుంది. ఆ మేకు సరిగా దిగిందో లేదో ఇంటివాళ్లకు కనిపించదు. పాత నేలను గీకి నునుపు చేసేటప్పుడూ అంతే. నాలుక పైన మిగిలిన మందమే ఆ నేల ఆయుష్షు. ఇవాళ ఎక్కువ గీకితే రేపటి పనివాడికి గీకడానికేమీ మిగలదు.

ఎవరూ చూడని మేకును సరిగా కొట్టడం, రేపటివాడికి మందం మిగల్చడం: పనిలో వారసత్వంగా ఇవ్వాల్సినవి ఇవే. వీటికి కులం, తెగ అక్కర్లేదు. చూసి నేర్చుకునే కళ్లు, నేర్పే మనసు ఉంటే చాలు.

కాబట్టి పిల్లలకు రెండు హక్కులుండాలి: ఇంటి పని నేర్చుకునే హక్కు, దాన్ని వదిలి వెళ్లే హక్కు. వదిలే దారి మూసేస్తే నేర్చుకోవడం వెట్టి అవుతుంది. నేర్పే దారి మూసేస్తే తాతల తెలివి వాళ్లతోనే మట్టిలో కలుస్తుంది. ఉపాధ్యాయులారా, మిద్దె కప్పిన పెద్దమనిషిని ఒకరోజు బడికి పిలవండి. తరగతిలోని పిల్లలందరికీ నేర్పమనండి, వాళ్ల కొడుకులకు మాత్రమే కాదు.