చేసినవాడి పేరు

ఒకప్పుడు నా కంప్యూటర్‌లో ఫైళ్ళన్నీ రైజర్ ఎఫ్.ఎస్. అనే పద్ధతిలో దాచుకునేవాణ్ణి. డిస్కు మీద ఏది ఎక్కడుందో లెక్క రాసిపెట్టే ఏర్పాటు అది. చిన్న చిన్న ఫైళ్ళు వేలకొద్దీ ఉన్నప్పుడు దాని పనితనం తెలిసేది. దాన్ని తయారుచేసిన హాన్స్ రైజర్ తన పేరే దానికి పెట్టుకున్నాడు. 2008లో, భార్యను అతడే హత్య చేశాడని కాలిఫోర్నియా కోర్టులో రుజువైంది. ఆ వార్త చదివిన వారంలోనే ఫైళ్ళన్నీ వేరే పద్ధతికి మార్చేశాను.

ఎందుకు మార్చానంటే, అసహ్యం వేసింది, అంతే. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. నేను వాడినందువల్ల అతడికి ఒరిగేదేమీ లేదు. మానినందువల్ల ఆమెకు జరిగే న్యాయమూ లేదు. రేపు తప్పు దొర్లితే దిద్దేవాడెవడన్న భయం సహేతుకమైనదే. కాని అది తరువాత వెతుక్కున్న సాకు. నిజానికి ఇతరులు దాన్ని ఏళ్ళ తరబడి కాపాడుతూ వచ్చారు. లినక్స్ నుంచి తీసేసింది 2025 జనవరిలో వచ్చిన 6.13తోనే.

చెడ్డపేరు చూసి పారిపోయాను సరే, మంచిపేరు మాటేమిటి? ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళను కుదించే చిన్న ప్రోగ్రాము ఒకటుంది. లినక్స్ ఉన్నచోటల్లా దాదాపుగా అదీ ఉంటుంది. దాని బాగోగులు ఎన్నో ఏళ్ళు ప్రధానంగా ఒక్క మనిషే, జీతం లేకుండా, చూసుకున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. ఓపికగా, మర్యాదగా, పనికొచ్చే దిద్దుబాట్లు పంపారు. అలసి ఉన్న ఆ మనిషి పెత్తనంలో పాలు ఇచ్చాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల విడుదలల్లో ఆ చేతులే ఒక దొంగదారి పెట్టాయి. రెండేళ్ళపాటు కూడబెట్టిన మంచిపేరే కన్నపుకత్తి అయింది. ఆ పేరు వెనక ఉన్నదెవరో తేలలేదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఎవరి గుణగణాలూ విచారించి కాదు. వేరే కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని వెదుకుతూపోయాడు.

అంత ఓపికా, విద్యా నాకు లేవు. పరాయి ఊళ్ళో బంగారం కొనేవాడికి గీటురాయి తెలియదు, కొట్టువాడి పేరే ఆధారం. కనుక పేరు చూడ్డం మానలేను. అయితే హాన్స్ రైజర్ విషయంలో నేను చేసినది అది కూడా కాదు. బంగారం మంచిదని తెలిసే తిరిగిచ్చేశాను. అలాంటి వార్త మళ్ళీ చదివితే, మళ్ళీ అదే పని చేస్తాను కాబోలు. దాన్ని వివేకమని మాత్రం ఇక చెప్పుకోను.